ల్యాప్‌టాప్‌కు మానిటర్ కొనేముందు: పోర్టు నుంచి స్టాండు దాకా ఒక్కో మెట్టూ

ల్యాప్‌టాప్ తయారీలోనే ఒక చిక్కు ఉంది. తెరా కీబోర్డూ అతుక్కుని ఉంటాయి. చేతులకు హాయిగా ఉండే ఎత్తులో పెట్టుకుంటే తెర కిందికి పోయి మెడ వంచాల్సి వస్తుంది. పుస్తకాల దొంతర మీద పెట్టి తెరను కళ్ల ఎదుటికి తెస్తే, టైపు చేయడానికి భుజాలు ఎత్తి కూర్చోవాలి. గంటో రెండు గంటలో అయితే ఎలాగోలా సర్దుకుంటాం. పొద్దున తొమ్మిదికి కూర్చుని సాయంత్రం ఆరింటికి లేచేవాళ్లకు మాత్రం విడిగా ఒక మానిటర్ తప్పదు. పనికి చోటు పెరగడం రెండో లాభం. ఒక పక్క ఎక్సెల్, దాని పక్కనే మెయిల్. లేదా ఒక పక్క పీడీఎఫ్, దాని పక్కనే రాస్తున్న ఫైలు. మాటిమాటికీ ఆల్ట్-ట్యాబ్ నొక్కే పని తగ్గుతుంది.

షాపుకు వెళ్తే మొదట వినిపించే ప్రశ్న "ఎన్ని ఇంచులు కావాలి సార్?" ఆ తర్వాత 165 హెర్ట్జ్ అనీ, 1 మిల్లీసెకను అనీ, హెచ్‌డీఆర్ అనీ పెట్టె మీద ఉన్నవన్నీ చదివి వినిపిస్తారు. ఆఫీసు పనికి కొనేవాళ్లు ఆ వరుసలో వెళ్తే అవసరం లేనివాటికి డబ్బు పోతుంది, అవసరమైనవి దొరకవు. నేను చెప్పే వరుస వేరు. ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఏ పోర్టు ఉందో చూడండి. తర్వాత బల్ల కొలవండి. ఆ రెండూ తెలిశాక అక్షరం ఎంత స్పష్టంగా కావాలో తేల్చుకుని, దాన్నిబట్టి సైజు, రిజల్యూషన్ (తెర మీద ఎన్ని చుక్కలు) రెండూ కలిపి ఎంచుకోండి. ఆపైన స్టాండు. మిగతావన్నీ దాని తర్వాతే. తెలుగులో చదివే, రాసే పని ఉన్నవాళ్లు మూడో మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మొదటి మెట్టు: ల్యాప్‌టాప్ పక్కలు తిప్పి చూడండి

ఎంత మంచి మానిటర్ అయినా, ల్యాప్‌టాప్ పంపగలిగిన బొమ్మనే చూపిస్తుంది. అందుకే మొదట చూడాల్సింది ల్యాప్‌టాప్‌నే.

హెచ్‌డీఎంఐ పోర్టు చాలావాటిలో ఉంటుంది. కానీ అందులో వెర్షన్లు ఉన్నాయి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే (3840×2160 చుక్కల) బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. 30 హెర్ట్జ్ దగ్గర మౌస్ బాణం ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది, స్క్రోల్ చేస్తే అక్షరాలు అదురుతాయి. రోజంతా దాని మీద పని చేయలేరు. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 4కే 60 హెర్ట్జ్ దగ్గర నిశ్చింతగా వస్తుంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ కంటే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1.4 వెర్షనే ఉంది. అలాంటిది మీ చేతిలో ఉంటే హెచ్‌డీఎంఐ ద్వారా 4కే ఆశ వదులుకోండి. 2560×1440 రిజల్యూషన్, అంటే క్యూహెచ్‌డీ, 1.4 మీద కూడా 60 హెర్ట్జ్ దగ్గర మామూలుగా నడుస్తుంది.

ఇక యూఎస్‌బీ-సీ. అసలు గందరగోళమంతా ఇక్కడే. రంధ్రం ఆకారం ఒక్కటే అయినా లోపల జరిగే పని ఒక్కటి కాదు. కొన్ని పోర్టులు డేటా మాత్రమే పంపుతాయి. కొన్ని డేటాతో పాటు చార్జింగ్ తీసుకుంటాయి. కొన్ని మాత్రమే బొమ్మ కూడా పంపుతాయి. బొమ్మ పంపే ఈ ఏర్పాటును డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్‌ను తెలిపే మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుందని అనుకోవచ్చు. గుర్తు లేకపోయినంత మాత్రాన రాదని కాదు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరు తీసుకుని, తయారీదారు సైటులో ఆ మోడల్ వివరాల పేజీ చదవడమే నమ్మదగిన దారి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కూడా ఒక మోడల్‌కు ఉన్నది ఇంకో మోడల్‌కు ఉండకపోవచ్చు.

మ్యాక్‌బుక్ వాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ బయటి మానిటర్ ఒక్కదానికే సపోర్ట్ ఇస్తుంది. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది. ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండింటిని నడుపుతుంది. రెండు మానిటర్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా ఇది చూసుకోవాలి. డిస్‌ప్లేలింక్ అడాప్టర్లతో (యూఎస్‌బీ ద్వారా బొమ్మ పంపేవి) ఈ పరిమితి దాటవచ్చు గానీ వాటికి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఐటీ టీమ్ అనుమతి కావాలి. కొన్నాక అడగడం కంటే కొనకముందే అడగండి.

ఒక పోర్టు నుంచి చాలా పోర్టులు ఇచ్చే చిన్న పెట్టెలు, అంటే హబ్బుల గురించి ఒక మాట. మార్కెట్లో దొరికే చవక యూఎస్‌బీ-సీ హబ్బుల్లో చాలావాటి హెచ్‌డీఎంఐ 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. పెట్టె మీద "4కే సపోర్ట్" అని పెద్దగా, 30 అని చిన్నగా ఉంటుంది. 4కే మానిటర్‌ను హబ్బు ద్వారా కలపాలంటే 60 హెర్ట్జ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

రెండో మెట్టు: టేపు తీసుకుని బల్ల కొలవండి

మన ఇళ్లలో పని చేసుకునే బల్లలు చాలావరకు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతే ఉంటాయి. మానిటర్ స్టాండు అందులో 20 సెంటీమీటర్ల దాకా తినేస్తుంది. తెర స్టాండు మధ్యలోనే నిలుస్తుంది కాబట్టి, గోడకు ఆనించినా కూడా తెర ఓ పది సెంటీమీటర్లు ముందుకే ఉంటుంది. మీరు మామూలుగా కూర్చునే తీరులో కూర్చుని, కంటి నుంచి తెర నిలిచే చోటుకు ఎంత దూరం ఉందో కొలిచి రాసుకోండి.

50–60 సెంటీమీటర్లు ఉంటే 24 అంగుళాలు సరిపోతాయి. 60–75 ఉంటే 27. అంతకంటే ఎక్కువ ఉంటేనే 32 గురించి ఆలోచించండి. దగ్గర కూర్చుని 32 అంగుళాల తెర చూస్తుంటే ఆ మూల నుంచి ఈ మూలకు తల తిప్పాల్సి వస్తుంది. కొన్న మొదటి రోజు పెద్ద తెర ముచ్చటగా ఉంటుంది, పది రోజులకు మెడ పట్టేస్తుంది.

వెడల్పు కూడా చూసుకోవాలి. 24 అంగుళాల తెర సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 27 అయితే 60, 32 అయితే 71, అల్ట్రావైడ్ (బాగా వెడల్పైన తెర) 34 అయితే 80. పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుంటారు కాబట్టి దానికి మరో 35 సెంటీమీటర్లు కలపండి.

మూడో మెట్టు: అక్షరం ఎన్ని చుక్కలతో ఏర్పడుతోంది?

సైజును, రిజల్యూషన్‌ను విడివిడిగా చూడటం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. 1920×1080 అనేది 24 అంగుళాల తెర మీద ఒకలా, 32 అంగుళాల తెర మీద ఇంకోలా కనిపిస్తుంది. చుక్కల సంఖ్య మారదు, ప్రతి చుక్కా లావవుతుంది. అంగుళానికి ఎన్ని చుక్కలో తెలిపే పీపీఐ లెక్క ఒక్కటి చూస్తే చాలు. మామూలుగా దొరికేవాటి లెక్కలు ఇవి:

24 అంగుళాలు, 1920×1080: 92 పీపీఐ
27 అంగుళాలు, 1920×1080: 82 పీపీఐ
27 అంగుళాలు, 2560×1440: 109 పీపీఐ
32 అంగుళాలు, 2560×1440: 92 పీపీఐ
32 అంగుళాలు, 4కే: 138 పీపీఐ
27 అంగుళాలు, 4కే: 163 పీపీఐ

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ వైపు చూడండి. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) తెర అంటే 141 పీపీఐ, 14 అంగుళాలదైతే 157. కొత్త మానిటర్ తెచ్చి పక్కన పెట్టగానే "ఇందులో అక్షరాలు మసకగా ఉన్నాయేంటి?" అని అనిపించడానికి కారణం అదే. కంటికి 140, 150 అలవాటై ఉంటుంది, ఎదురుగా 82 పెట్టుకుంటాం. ల్యాప్‌టాప్ కంటే మానిటర్ కాస్త దూరంలో ఉంటుంది కాబట్టి అంత చుక్కల సాంద్రత అక్కర్లేదు, కానీ 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం ఆఫీసు పనికి కొనవద్దనే గట్టిగా చెబుతాను. తక్కువ ధరకు పెద్ద తెర వస్తుందని అందరూ దాని వైపే వెళ్తారు. చదవడానికి అదే అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది.

తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు ఒక వరుసలో పోతాయి. మనకు పైన గుడీ ఏత్వం, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు మీద ఒత్తు. ఇదంతా అదే పంక్తి ఎత్తులో ఇమడాలి. ద, ధ, థ ల మధ్య ఉన్న తేడా కింద ఒక చిన్న గీత, మధ్యలో ఒక చుక్క. పకు, ఫకు తేడా ఒక గీత. ర లో చుక్క పెడితే ఠ. చుక్కలు తక్కువ ఉన్న తెర మీద, చిన్న సైజులో, ఈ గీతలూ చుక్కలూ పక్క గీతల్లో కలిసిపోతాయి. "కథ" అని ఉన్నదో "కధ" అని తప్పు పడిందో తెలియక ప్రూఫ్ చూసేవాళ్లు జూమ్ చేసుకుంటూ కూర్చోవాలి. అందుకే తెలుగులో వార్తలు, అనువాదాలు, పాఠాలు, సబ్‌టైటిళ్లు రాసేవాళ్లకు 109 పీపీఐ కనీసం. బడ్జెట్ ఉంటే 27 అంగుళాల 4కే.

షాపులో ఇలా పరీక్షించండి. ఇంట్లోనే ఒక ఫైలులో ఈ మాటలు టైపు చేసి పెట్టుకోండి: స్వాతంత్ర్యం, రాష్ట్రం, శాస్త్రం, కథ, పాఠం, ధాత్రి, ఫలం, ఢంకా, ఝరి. విండోస్‌లో తెలుగుకు మామూలుగా వచ్చే నిర్మలా యూఐ ఫాంటులో, 10 పాయింట్ల సైజులో, వంద శాతం జూమ్‌లో ఉంచండి. షాపులో ఆ ఫైలు తెరిచి, ఇంట్లో కూర్చునే దూరంలోనే నిలబడి చదవండి. ముందుకు వంగకుండా ప్రతి ఒత్తూ కనిపిస్తే ఆ మానిటర్ మీ పనికి వస్తుంది. పెట్టె మీది ఏ అంకె కంటే కూడా ఈ పరీక్షే ఎక్కువ నిజం చెబుతుంది.

4కే తీసుకుంటే స్కేలింగ్, అంటే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే సెట్టింగ్, గురించి తెలుసుకోవాలి. 27 అంగుళాల 4కే తెర మీద విండోస్ స్కేలింగ్ వంద శాతం పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి. 150 శాతం పెట్టుకుంటే క్యూహెచ్‌డీలో దొరికేంత చోటే దొరుకుతుంది, కానీ ప్రతి అక్షరం రెట్టింపు కంటే ఎక్కువ చుక్కలతో ఏర్పడుతుంది. అంటే 4కే వల్ల వచ్చేది అదనపు చోటు కాదు, స్పష్టత. చోటు కావాలంటే 32 అంగుళాల 4కే తీసుకుని 125 శాతం దగ్గర పెట్టుకోవాలి.

మ్యాక్ వాళ్లకు స్పష్టత తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తక్కువ పీపీఐ తెరల మీద అక్షరాల అంచుల్ని నునుపు చేసే సబ్‌పిక్సెల్ పద్ధతిని ఆపిల్ 2018లో మొజావే వెర్షన్‌తో తీసేసింది. విండోస్‌లో అలాంటి పద్ధతి, క్లియర్‌టైప్, ఇంకా ఉంది. అందుకే ఒకే క్యూహెచ్‌డీ మానిటర్ విండోస్ ల్యాప్‌టాప్‌తో బాగుండి, మ్యాక్‌బుక్‌తో కాస్త పలచగా అనిపిస్తుంది. మ్యాక్‌కు వీలైతే 4కే తీసుకోండి.

ఇంట్లో ఉన్న టీవీని వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. 32 అంగుళాల టీవీల్లో "హెచ్‌డీ రెడీ" అని ఉన్నవి 1366×768 చుక్కలవి. అంటే 49 పీపీఐ. సినిమాకు సరే, ఎక్సెల్‌కు కుదరదు.

ఒకటి పెద్దదా, రెండు చిన్నవా, అల్ట్రావైడా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎక్కువమందికి 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఒకటి, పక్కన ల్యాప్‌టాప్ తెర. మెయిలూ చాటూ ల్యాప్‌టాప్ మీద, అసలు పని మానిటర్ మీద. ఇంతకుమించి అవసరం పడేవాళ్లు తక్కువ.

అకౌంట్స్ పని, అంటే ట్యాలీ, పెద్ద పెద్ద ఎక్సెల్ షీట్లు చూసేవాళ్లకు అడ్డంగా నిలువు వరుసలు ఎక్కువ కావాలి. వాళ్లకు 34 అంగుళాల అల్ట్రావైడ్, 3440×1440 రిజల్యూషన్‌ది, నిజంగా ఉపయోగపడుతుంది. దాని ఎత్తు 27 అంగుళాల తెరంతే, వెడల్పే ఎక్కువ. కానీ రోజూ టీమ్స్‌లోనో జూమ్‌లోనో స్క్రీన్ షేర్ చేసేవాళ్లు జాగ్రత్త. అల్ట్రావైడ్ మొత్తం షేర్ చేస్తే అవతల మామూలు ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్లకు అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తాయి. స్క్రీన్ అంతా కాకుండా ఒక్క విండోను మాత్రమే షేర్ చేసే అలవాటు చేసుకోవాలి.

కోడ్ రాసేవాళ్లు, పొడుగాటి పత్రాలు ఎడిట్ చేసేవాళ్లు నిలువుగా తిప్పగలిగే 24 అంగుళాల తెరను పక్కన పెట్టుకుంటే ఒక పేజీ పూర్తిగా ఒకేసారి కనిపిస్తుంది. 1920×1200 రిజల్యూషన్ ఉన్న 16:10 (వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 10) మానిటర్లు కూడా ఉన్నాయి. మామూలు ఫుల్ హెచ్‌డీ కంటే 120 వరుసల ఎత్తు ఎక్కువ. షాపుల్లో తక్కువ కనిపిస్తాయి గానీ, వెతికితే దొరుకుతాయి. రాతపనికి చాలా బాగుంటాయి.

నాలుగో మెట్టు: స్టాండు

ప్యానెల్ (బొమ్మ చూపే తెర పలక) మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా మంచి స్టాండు ఉన్నదే తీసుకోమంటాను. మొదట చెప్పిన మెడ సమస్య తీరేది తెర ఎత్తు సరిచేసుకోగలిగినప్పుడే. చవక మానిటర్ల స్టాండు ముందుకూ వెనక్కూ వంగుతుంది తప్ప పైకీ కిందికీ కదలదు. మోడల్ వివరాల్లో "హైట్ అడ్జస్ట్‌మెంట్" ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. 100 నుంచి 150 మిల్లీమీటర్లు ఉంటే ఇంట్లో అందరికీ సరిపోతుంది.

తెర పై అంచు కంటి ఎత్తుకు సమానంగానో, కొంచెం కిందనో ఉండాలి. నలభై దాటి చత్వారం వచ్చి, ప్రోగ్రెసివ్ లేదా బైఫోకల్ అద్దాలు వాడేవాళ్లకు ఈ సూత్రం మారుతుంది. ఆ అద్దాల్లో దగ్గరవి చదివే భాగం కింద ఉంటుంది. తెర ఎత్తులో ఉంటే గడ్డం పైకెత్తి చదువుతారు, మెడ వెనక నొప్పి మొదలవుతుంది. వాళ్లు తెరను బాగా కిందికి దించి, కాస్త వెనక్కి వంచి పెట్టుకోవాలి. కిందికి దిగని స్టాండు ఉంటే వీళ్లకే ఎక్కువ బాధ.

కదలని స్టాండు ఉన్న మానిటర్ నచ్చితే, వెనక వెసా (VESA) రంధ్రాలు, అంటే వేరే స్టాండు బిగించే స్క్రూ రంధ్రాలు, 100×100 మిల్లీమీటర్లవో 75×75వో, ఉన్నాయేమో చూడండి. ఉంటే విడిగా మానిటర్ ఆర్మ్ (బల్ల అంచుకు క్లాంప్‌తో బిగించి తెరను మోసే చేయి) కొనుక్కోవచ్చు. బల్ల మీద చోటూ మిగులుతుంది, లోతు తక్కువ బల్లకు ఇదే సరైన మందు. కొన్ని చవక మోడళ్లకు అసలు ఈ రంధ్రాలే ఉండవు. ఆర్మ్ మోయగలిగే బరువు, మానిటర్ బరువు సరిచూసుకోండి. గాజు బల్లకు ఆర్మ్ క్లాంప్ ఎప్పుడూ బిగించకండి. పార్టికల్ బోర్డు బల్ల అయితే క్లాంప్ కింద ఒక గట్టి చెక్క ముక్కో ఇనుప పలకో పెట్టండి, లేకపోతే అంచు నలిగిపోతుంది.

అయిదో మెట్టు: ప్యానెల్, వెలుగు, కంటికి సంబంధించినవి

పనికి ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి. పక్క నుంచి చూసినా రంగులు మారవు, అక్షరాలు శుభ్రంగా ఉంటాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు ఇంకా గాఢంగా ఉంటుంది కానీ, పక్క నుంచి చూస్తే రంగు పాలిపోతుంది, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద స్క్రోల్ చేస్తే అక్షరాల వెనక నీడ పాకుతుంది. ఓలెడ్ అందంగా ఉంటుంది. కానీ రోజంతా టాస్క్‌బార్, ఎక్సెల్ గీతలు ఒకేచోట కదలకుండా ఉండే పనికి బర్న్-ఇన్ (కదలని బొమ్మ మచ్చ తెర మీదే ఉండిపోవడం) భయం ఉంది. పైగా కొన్ని ఓలెడ్‌లలో చుక్కల అమరిక వేరు కాబట్టి అక్షరాల అంచుల్లో రంగు కనిపిస్తుంది.

తెర వెలుగును నిట్లలో కొలుస్తారు, మామూలు గదికి 250 నిట్లు చాలు. బాల్కనీ తలుపు పక్కన కూర్చునేవాళ్లు 300–350 చూడండి. కిటికీ మీ వెనక ఉంటే తెర మీద ప్రతిబింబం, ఎదురుగా ఉంటే కళ్లలో వెలుగు. కిటికీ పక్కకు వచ్చేలా బల్ల తిప్పుకుంటే చాలా ఇబ్బంది పైసా ఖర్చు లేకుండా పోతుంది.

"ఫ్లికర్ ఫ్రీ" అని ఉన్నదే తీసుకోండి. షాపులో వెలుగు పూర్తిగా తగ్గించి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూడండి. తెర మీద గీతలు పాకుతున్నట్టు కనిపిస్తే బ్యాక్‌లైటు ఆరి వెలుగుతోందని అర్థం. కొందరికి దీనివల్ల తలనొప్పి వస్తుంది.

బ్లూ లైట్ అద్దాలకు అదనంగా డబ్బు పెట్టకండి. కంప్యూటర్ పనికి అవి వాడమని కంటి వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ సిఫారసు చేయదు. తెర చూస్తున్నప్పుడు రెప్ప తక్కువగా వేస్తాం, కళ్లు పొడిబారతాయి, అలసట ప్రధానంగా దానివల్లే. ప్రతి ఇరవై నిమిషాలకు ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని వాళ్లే చెబుతారు.

మిగతా అంకెలు తొందరగా దాటేద్దాం. 1 మిల్లీసెకను రెస్పాన్స్ (చుక్క రంగు మారే వేగం) గేమ్‌లకు. 250, 300 నిట్ల తెర మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే పద్ధతి) పేరుకే. 100 హెర్ట్జ్ ఉంటే స్క్రోలింగ్ నునుపుగా ఉంటుంది, ఇప్పుడు చవకవాటిలోనూ వస్తోంది, కానీ దానికోసం స్పష్టత వదులుకోకండి. ఫొటోలు, పోస్టర్లు చేసేవాళ్లు రంగుల పరిధి 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉన్నది చూడండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉన్నదాన్ని ఎవరూ తీసుకోవద్దు, రంగులన్నీ వెలిసిపోయినట్టు ఉంటాయి.

ఆరో మెట్టు: ఒక్క కేబుల్ సౌకర్యం, కరెంటు సంగతి

ల్యాప్‌టాప్ రోజూ ఆఫీసుకు తీసుకెళ్లి తెచ్చేవాళ్లకు యూఎస్‌బీ-సీ మానిటర్ అదనపు ధరకు తగినదే. ఒక్క కేబుల్ గుచ్చితే బొమ్మ, చార్జింగ్, మానిటర్‌కు కలిపిన కీబోర్డు, మౌస్ అన్నీ వస్తాయి. మీ చార్జర్ మీద ఎన్ని వాట్లని ఉందో చూసి, మానిటర్ అంత ఇవ్వగలదో లేదో సరిచూడండి. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు 65 వాట్లు సరిపోతాయి, పెద్దవాటికి 90 కావాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు ఇది చాలదు, వాటి చార్జర్ విడిగా ఉండాల్సిందే. ల్యాప్‌టాప్ బల్ల మీద నుంచి కదలకపోతే ఈ ఖర్చు అక్కర్లేదు, హెచ్‌డీఎంఐ చాలు.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ ఆరిపోతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో వేసవి కోతల్లో క్లయింట్ కాల్ మధ్యలో తెర పోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. 24, 27 అంగుళాల మానిటర్ మామూలు పనిలో సుమారు 20 నుంచి 40 వాట్లే తీసుకుంటుంది. కాబట్టి ఒక చిన్న యూపీఎస్ మీద మానిటర్, వైఫై రూటర్ రెండూ పెట్టవచ్చు. కోతలు మరీ ఎక్కువగా ఉండే ఊళ్లో, లేదా తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు, ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్ కూడా ఒక దారి. ల్యాప్‌టాప్ బ్యాటరీ తొందరగా తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి.

విదేశాల నుంచి తిరిగి వచ్చేవాళ్లు అక్కడి మానిటర్ తెచ్చుకోవాలనుకుంటే వెనక లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉందేమో చూడండి. చాలావాటికి ఉంటుంది, పవర్ కేబుల్ మార్చుకుంటే చాలు. కానీ వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం.

ఏడో మెట్టు: కొనడం

ధరలు మారుతూ ఉంటాయి, సుమారు లెక్క ఇది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ 10,000 రూపాయల అటూఇటూ, 27 అంగుళాల క్యూహెచ్‌డీ 15,000 నుంచి 22,000, 27 అంగుళాల 4కే అంతకు పైన. ఎత్తు మారే స్టాండు, యూఎస్‌బీ-సీ చార్జింగ్ చేరేకొద్దీ పెరుగుతుంది.

మోడల్ పేర్లు చదవడం నేర్చుకుంటే అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు. ఉదాహరణకు డెల్ యూ2723క్యూఈ అంటే, యూ అనేది అల్ట్రాషార్ప్ వరుస, 27 సైజు, 23 మోడల్ సంవత్సరం, క్యూ అంటే 4కే, ఈ అంటే యూఎస్‌బీ-సీ హబ్బు, ఈథర్‌నెట్ (ఇంటర్నెట్ కేబుల్ పోర్టు) ఉన్నది. అదే కంపెనీలో పీ వరుస ఆఫీసుల కోసం, ఎత్తు మారే స్టాండుతో వస్తుంది. చివర హెచ్ ఉంటే ఫుల్ హెచ్‌డీ, డీ ఉంటే క్యూహెచ్‌డీ. మిగతా కంపెనీలకూ ఇలాంటి పద్ధతులే ఉన్నాయి.

హైదరాబాద్ దగ్గరున్నవాళ్లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటికి, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లండి. వెలిగించి చూపించమని అడగండి. చూపించం అంటే పక్క షాపు ఉంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు రిటర్న్ షరతులు ముందే చదవాలి. వెనక్కి తీసుకుంటారా, లోపం ఉంటే మార్చి మాత్రమే ఇస్తారా అన్నది అమ్మేవాళ్లను బట్టి మారుతుంది. మీ ఊళ్లో సర్వీసు సెంటర్ ఉందా, ఇంటికి వచ్చి చూస్తారా అనేది కూడా అడగండి. నెల్లూరులోనో ఖమ్మంలోనో ఉండి ఇంత పెట్టెను వేరే ఊరు మోసుకెళ్లడం చిన్న పని కాదు.

ఆఫీసులు వదిలేస్తే సరిచేసి మళ్లీ అమ్మే రీఫర్బిష్డ్ మానిటర్లను చిన్నచూపు చూడకండి. చాలావాటికి గట్టి స్టాండు, ఐపీఎస్ ప్యానెల్ ఉంటాయి. కొత్త చవక మానిటర్ కంటే మెడకు ఇవే మేలు. మూలల్లో పసుపు రంగు, తెర మధ్య మచ్చలు లేకుండా చూసుకోండి, బిల్లు తీసుకోండి. సొంతంగా పని చేసుకుంటూ జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు బిల్లు మీద ఆ నంబరు వేయించుకుంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునే వీలుంటుంది.

ఎనిమిదో మెట్టు: బిగించిన మొదటి రోజు

పెట్టెలో వచ్చిన కేబులే వాడండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరిచి ఇవి చూడండి.

రిజల్యూషన్ మానిటర్ అసలు రిజల్యూషనే ఉండాలి, "రికమెండెడ్" అని పక్కన కనిపిస్తుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు చూడండి, 100 హెర్ట్జ్ మానిటర్ కూడా ఒక్కోసారి 60 దగ్గరే ఉండిపోతుంది. 30 కనిపిస్తే పోర్టులోనో హబ్బులోనో కేబుల్‌లోనో లోపం. స్కేలింగ్ మీ కంటికి తగ్గట్టు మార్చుకోండి. అక్షరాలు పలచగా ఉంటే స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపించే నమూనాల్లో స్పష్టంగా ఉన్నవి ఎంచుకుంటూ వెళ్లండి. అక్షరాల అంచుల్లో రంగులు చెదిరినట్టుంటే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీలో, రేంజ్ ఫుల్‌లో ఉందో లేదో చూడండి. హెచ్‌డీఎంఐలో ఇది తరచూ తప్పుగా ఉంటుంది.

విండోస్ కీ, పి నొక్కి "ఎక్స్‌టెండ్" ఎంచుకోండి. సెట్టింగ్స్‌లో రెండు తెరల బొమ్మలను బల్ల మీద ఉన్న వరుసలోనే లాగి పెట్టండి, లేకపోతే మౌస్ కుడికి పోవాల్సింది ఎడమకు పోతుంది. విండోస్ కీ, షిఫ్ట్, బాణం కలిపి నొక్కితే తెరిచి ఉన్న విండో అవతలి తెర మీదికి వెళ్తుంది. విండోస్ 11లో విండోస్ కీ, జెడ్ నొక్కితే తెరను భాగాలుగా పంచుకునే నమూనాలు వస్తాయి.

వెలుగు సరిచేయడానికి తెర మీద ఖాళీ వర్డ్ పేజీ తెరిచి, పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. రెండూ ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. కొత్త మానిటర్లు వెలుగు బాగా ఎక్కువ పెట్టి వస్తాయి, సగానికి తగ్గించినా తప్పు లేదు. రాత్రి పని చేసేటప్పుడు మళ్లీ తగ్గించుకోండి.

చివరగా, గది చీకటి చేసి తెర మొత్తం నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కోటీ నింపి చూడండి. ఆరిపోయిన చుక్క, వెలుగుతూనే ఉండే చుక్క ఆ రంగుల మీద బయటపడతాయి. ఒకటి రెండు చుక్కలు పోతే చాలా కంపెనీలు వారంటీ కింద మార్చవు. ఐఎస్‌ఓ 9241-307 ప్రమాణం కూడా అన్ని తరగతుల తెరలకూ సున్నా లోపం ఉండాలని అడగదు. అందుకే రిటర్న్ గడువు ముగియకముందే ఇదంతా చూసుకోవాలి. ఆ గడువు దాటేదాకా అట్టపెట్టె, థర్మాకోల్, లోపలి కవర్లు ఏవీ పారేయకండి.